తిరుపతి నుంచి విదేశానికి: ప్రీమియం ఎకానమీకి ఎప్పుడు డబ్బు పెట్టాలి?

తిరుపతిలో, చిత్తూరులో పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఇళ్లలో టికెట్లు కొనే కాలం వచ్చిందంటే ఒకటే చర్చ. పెద్దవాళ్లు అంత దూరం మామూలు ఎకానమీలో కూర్చోగలరా, లేక మరికొంత పెట్టి, ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య తరగతి అయిన ప్రీమియం ఎకానమీ తీసుకోవాలా? పిల్లలు తీసుకోమంటారు. ఆ డబ్బు మనవడి చదువుకు ఉంచమని తల్లిదండ్రులు అంటారు. రెండు మాటల్లోనూ ప్రేమ ఉంది, లెక్క మాత్రం లేదు. ఆ లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అరవై దాటినవారికి, మోకాళ్లో నడుమో నొప్పి పెట్టేవారికి, బాగా పొడుగైనవారికి, ఎనిమిది గంటలు దాటిన రాత్రి విమానంలో ప్రీమియం ఎకానమీ కొనదగ్గది. నాలుగైదు గంటల ప్రయాణానికి దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవారు కింది పద్ధతిలో చూసుకోండి.

ముందు దారిని ముక్కలు చేయండి

రేణిగుంట విమానాశ్రయంలో 2015లో కొత్త టెర్మినల్ వచ్చింది, తర్వాత అంతర్జాతీయ హోదా కూడా దక్కింది. అయినా మన విదేశీ ప్రయాణం చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఏదో ఒకచోట మొదలుపెట్టవలసిందే. తిరుపతివారికి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మీనంబాక్కం (చెన్నై విమానాశ్రయం) చేరడం సులువు. చిత్తూరు, పలమనేరు వారికి ముళబాగిలు, కోలారు దారిలో దేవనహళ్లి (బెంగళూరు విమానాశ్రయం) కూడా అనుకూలమే.

ఒక కాగితం మీద మీ ప్రయాణంలోని ప్రతి విమానాన్నీ ఒక్కో వరుసలో రాయండి. పక్కన ఎన్ని గంటలు, పగలా రాత్రా, ఏ రకం విమానం అన్నది రాయండి. గూగుల్ ఫ్లైట్స్‌లో వివరాలు తెరిస్తే విమానం రకమూ, సీట్ల మధ్య దూరం అంగుళాల్లోనూ కనిపిస్తాయి. ఉదాహరణకు చెన్నై నుంచి దుబాయ్ నాలుగు గంటలు, అక్కడి నుంచి న్యూయార్క్ పద్నాలుగు గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళితే పది గంటలు ఒకటి, ఆ తర్వాత దాదాపు అంతే పొడవైనది మరొకటి. సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్ వెళ్లేవారికి నాలుగు గంటలు, తర్వాత ఏడున్నర. ఎక్కువ డబ్బు పెట్టవలసింది ఏ ముక్క మీదో ఈ కాగితమే చెబుతుంది.

రేణిగుంట నుంచి హైదరాబాద్ వెళ్లే చిన్న విమానం గురించి ఆలోచించకండి. ఏటీఆర్ విమానాల్లో ఉండేదే ఒక్క తరగతి. అసలు జాగ్రత్త మరొకచోట అవసరం. ఆ టికెట్‌ను విడిగా కొంటే దేశీయ ఎకానమీలో సాధారణంగా 15 కిలోల సామానే ఉచితం. విదేశానికి రెండు పెద్ద పెట్టెలతో బయలుదేరినవారు అక్కడే అదనపు రుసుము కట్టవలసి వస్తుంది. పెట్టెలు ఎక్కువుంటే ఇంటి నుంచి నేరుగా చెన్నైకి కారు మాట్లాడుకోవడమే మేలు.

పేరు కాదు, సీటు చూడండి

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. అమెరికా సంస్థల్లో యునైటెడ్ 'ఎకానమీ ప్లస్', డెల్టా 'కంఫర్ట్' (ఇదివరకటి 'కంఫర్ట్ ప్లస్') అని అమ్మేవి మామూలు ఎకానమీ సీట్లే. కాళ్లకు కొద్దిగా చోటు ఎక్కువ, వెడల్పు మాత్రం అదే. అసలైన ప్రీమియం ఎకానమీని యునైటెడ్ 'ప్రీమియం ప్లస్' అనీ, డెల్టా 'ప్రీమియం సెలెక్ట్' అనీ పిలుస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో దాని పేరు 'వరల్డ్ ట్రావెలర్ ప్లస్'. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఈ తరగతే లేదు, ఎకానమీ తర్వాత నేరుగా బిజినెస్. కాబట్టి పేరు వినగానే డబ్బు కట్టకండి, కొలతలు అడగండి.

అడగవలసినవి మూడు కొలతలు.

మొదటిది ముందు సీటుకూ మీ సీటుకూ మధ్య దూరం. ముందు సీటు మీద ఒక చోటు నుంచి మీ సీటు మీద అదే చోటు వరకు కొలుస్తారు. అందువల్ల ఇందులో సీటు మందం కూడా కలిసే ఉంటుంది, మొత్తమంతా కాళ్లకు దొరకదు. ఎకానమీలో ఇది సాధారణంగా 31 లేదా 32 అంగుళాలు. ప్రీమియం ఎకానమీలో 38 నుంచి 40. ఆరేడు అంగుళాలే కదా అనుకోవద్దు. కిటికీ పక్కన కూర్చున్నవారు లేచి బాత్రూంకు వెళ్లేటప్పుడు నడవ పక్కన కూర్చున్నవారు లేవాలా, కాళ్లు పక్కకు తిప్పితే చాలా అన్నది ఆ అంగుళాల మీదే ఆధారపడుతుంది. రాత్రి రెండు మూడు సార్లు లేవవలసిన పెద్దవారికి ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో గోడకు ఎదురుగా కుర్చీ వేసి, కుర్చీ వీపు వెనక వైపు నుంచి గోడకు 31 అంగుళాలు టేపుతో కొలిచి నాన్నగారిని పావుగంట కూర్చోబెట్టండి. తర్వాత 38కి జరపండి. తనకు ఏది చాలునో ఆయనే చెబుతారు.

రెండోది వెడల్పు. ఎకానమీలో 17, 18 అంగుళాల మధ్య, ప్రీమియంలో సుమారు 18 న్నర నుంచి 19 న్నర. విమానం రకం ఇక్కడ కీలకం. బోయింగ్ 777లో చాలా సంస్థలు ఎకానమీ వరుసకు పది సీట్లు వేస్తాయి, అందుకే భుజాలు రాసుకుంటాయి. ఎయిర్‌బస్ ఏ350లో వరుసకు తొమ్మిది సీట్లు వేస్తే ఎకానమీలోనే దాదాపు 18 అంగుళాలు దొరుకుతాయి. అదే ప్రీమియంలో వరుసకు ఎనిమిదో ఏడో సీట్లుంటాయి. అంటే కొన్నిసార్లు తరగతి మార్చడం కంటే విమానం మార్చడం చవక. ఏ350, బోయింగ్ 787లకు మరో సుగుణం కూడా ఉంది. లోపలి గాలి ఒత్తిడి ఆరు వేల అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. పాత విమానాల్లో అది ఎనిమిది వేల అడుగుల దాకా వెళుతుంది. ఆ తేడా వల్ల తలనొప్పి, అలసట కొంత తగ్గుతాయి, అదీ ఏ తరగతిలో కూర్చున్నా.

మూడోది వీపు ఎంత వాలుతుందన్నది. ప్రీమియంలో వీపు సుమారు ఎనిమిది అంగుళాలు వెనక్కు వాలుతుంది, ఎకానమీలో అంతకంటే తక్కువ. మనవారికి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది ఆర్టీసీ దూరప్రాంత బస్సులో వెనక్కు వాలే సీటు లాంటిది. బాగా కునుకు తీయవచ్చు, పడుకోవడం కుదరదు. పూర్తిగా వెల్లకిలా పడుకునే సీటు బిజినెస్ తరగతిదే. ఈ సంగతి ముందే చెప్పకపోతే అమ్మ అక్కడ మంచం ఆశించి నిరాశపడుతుంది.

పాదాల సంగతి కూడా అడగండి. పొట్టిగా ఉన్నవారికి కాళ్లు నేలకు ఆనకపోతే తొడల కింద సీటు అంచు ఒత్తుకుని కాళ్లు లాగుతాయి. ప్రీమియంలో పాదాలు ఆనించే కమ్మీ గానీ, పిక్కలకు ఆసరా గానీ చాలా సంస్థలు ఇస్తాయి. పొడుగువారికి అంగుళాలు ఎంత ముఖ్యమో, మన అమ్మలకు ఈ కమ్మీ అంత ముఖ్యం.

ఇక ఒక లోటు. ప్రీమియం సీట్లలో చేతులు ఆనించే పక్కలు చాలాచోట్ల పైకి లేవవు, ఎందుకంటే భోజనం బల్ల వాటిలోనే దాగి ఉంటుంది. ఎకానమీలో పక్క సీట్లు ఖాళీగా దొరికితే వాటిని పైకి లేపి ఒరగవచ్చు, చంటిపిల్లను పడుకోబెట్టవచ్చు. పిల్లలతో వెళ్లే యువ దంపతులు సీట్లు నిండని రోజుల్లో మూడు ఎకానమీ సీట్ల వరుసే తీసుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

దేశీయ విమానాల్లో ఇదే పేరు చూసి మురిసిపోకండి. ఎయిర్ ఇండియా ఏ320 విమానాల్లో ప్రీమియం ఎకానమీ ఉంది. అక్కడ వరుసకు ఆరు సీట్లు ఎకానమీలో ఎలాగో ప్రీమియంలోనూ అలాగే. కాళ్లకు కొద్ది అంగుళాలు, మెరుగైన భోజనం, ముందు ఎక్కే వీలు, అంతవరకే.

సౌకర్యాల్లో దేనికి విలువ ఇవ్వాలి

మెరిసే గ్లాసు, స్వాగత పానీయం, చిన్న సంచిలో బ్రష్, కళ్లకు పట్టీ: వీటికి మీ లెక్కలో సున్నా వేయండి. పింగాణీ పళ్లెంలో భోజనానికీ అంతే. మెత్తటి దిండు, మందమైన దుప్పటి, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లకు కొంత విలువ వేయవచ్చు.

సామానుకు అసలు విలువ వేయాలి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా ప్రీమియం ఎకానమీలో 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తాయి. యూరప్‌కు ఎకానమీలో చాలావరకు ఒక్కటే. అమెరికా టికెట్లలో మాత్రం ఎకానమీకే రెండు పెట్టెలు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి కనుక అక్కడ ఈ లాభం కనిపించకపోవచ్చు. మీ టికెట్ మీద ఏం రాసి ఉందో చదివాకే లెక్కలో చేర్చండి. పెట్టెలో ఎండు కొబ్బరి పెట్టకండి, నూనె వల్ల తనంతట తానే అంటుకునే వస్తువుల జాబితాలో అది ఉంది. లడ్డూ ప్రసాదాన్ని చేతి సంచిలో ఉంచుకుంటే పగలకుండా చేరుతుంది.

ముందుగా ఎక్కడం, పెట్టెలు ముందుగా రావడం బాగానే ఉంటాయి. కానీ పాస్‌పోర్టు తనిఖీ వరుస మాత్రం అందరికీ ఒకటే. లాంజ్ ప్రవేశం ప్రీమియం ఎకానమీలో సాధారణంగా ఉండదు.

చక్రాల కుర్చీ గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. ప్రీమియం కొంటేనే ఆ సహాయం దొరుకుతుందని నమ్మి డబ్బు పెట్టేవారు ఉన్నారు. అవసరమైనవారికి అది ఏ తరగతిలోనైనా ఉచితమే. టికెట్ కొన్నప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందు ఖరారు చేసుకోండి. దారిలో విమానం మారే చోట కూడా అది నమోదైందో లేదో చూడండి.

భోజనం విషయంలో తరగతి కంటే మీరు ఎంచుకునే పేరే ముఖ్యం. 'హిందూ మీల్' అని ఉంటే శాకాహారం అనుకుని పెట్టేస్తారు. హెచ్ఎన్ఎంఎల్ అన్న సంకేతంతో ఉండే ఆ భోజనంలో సాధారణంగా మాంసం ఉంటుంది, గొడ్డు మాంసం, పంది మాంసం మాత్రమే ఉండవు. మన శాకాహారులు కోరవలసింది ఏవీఎంఎల్, అంటే ఆసియా శాకాహార భోజనం. ఉల్లి, వెల్లుల్లి ముట్టనివారు జైన భోజనం, వీజేఎంఎల్, అడగాలి. కనీసం 24 గంటల ముందు చెప్పాలి, కొన్ని సంస్థలకు ఇంకా ముందే. విమానం సమయం మారినా, టికెట్ మార్చినా ఈ కోరిక రద్దయిపోవచ్చు, అందుకే బయలుదేరే ముందు రోజు మళ్లీ చూడండి. అయినా చేతి సంచిలో ఒక డబ్బా పులిహోర ఉండడం మంచిది. పెరుగన్నం భద్రతా తనిఖీలో ద్రవాల నియమం కింద ఆగిపోయే అవకాశం ఉంది. మిగిలిన తిండిని దిగే లోపల తినేయండి, అక్కడి కస్టమ్స్ వాళ్లతో తలనొప్పి ఉండదు.

ఇప్పుడు లెక్క

తెర మీద కనిపించే ధరతో తూచకండి, పన్నులు కలిసిన చివరి ధర తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, దానికంటే పై తరగతులన్నింటికీ 18 శాతం. అంతకుముందు అది 12 ఉండేది. లక్ష రూపాయల ఛార్జీ మీద ఒకచోట 5,000, మరొకచోట 18,000. పాత రోజుల్లో వేసుకున్న అంచనాలు ఇప్పుడు సరిపోవు.

తర్వాత ఎకానమీకి విడిగా కట్టే ఖర్చులు కలపండి. చవక ఎకానమీ టికెట్లలో సీటు ఎంచుకోవడానికి డబ్బు, రెండో పెట్టెకు డబ్బు, రద్దు చేస్తే తిరిగి వచ్చేది అతి తక్కువ. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చోవాలంటే ఆ సీటు రుసుము తప్పదు. (కొన్ని సంస్థలు ప్రీమియంలోనూ సీటు ఎంపికకు వసూలు చేస్తాయి, అదీ చూడండి.)

అమెరికాకు రానుపోను రెండు ధరల మధ్య తేడా 60,000 రూపాయలు అనుకుందాం. ఎకానమీలో సీట్ల ఎంపికకు 12,000 అవుతుందనుకుంటే అసలు తేడా 48,000. గాలిలో ఉండే సమయం రెండు వైపులా కలిపి 40 గంటలైతే గంటకు 1,200 రూపాయలు. ఇప్పుడు ప్రశ్న తేలికవుతుంది: నడుమునొప్పి ఉన్న అమ్మకు గంట సుఖానికి 1,200 పెట్టగలమా? చాలా ఇళ్లలో పెట్టగలమనే అంటారు. అదే గంటకు 4,000 వస్తే వద్దనుకోవడంలో తప్పులేదు.

రెండు వైపులా ఒకే తరగతి కొనవలసిన పని లేదు. చెన్నై నుంచి యూరప్, గల్ఫ్ వైపు విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో బయలుదేరతాయి. అంతకుముందు మూడు నాలుగు గంటలు కారులో కూర్చుని, విమానాశ్రయంలో మరో మూడు గంటలు నిరీక్షించి, అప్పటికే అలసిన శరీరంతో ఎక్కుతారు. పెద్దవాళ్లకు వెళ్లే వైపు ప్రీమియం, వచ్చే వైపు ఎకానమీ అన్న కలయిక అందుకే బాగుంటుంది. చాలా సంస్థల వెబ్‌సైట్లలో ఒక్కో వైపుకు ఒక్కో తరగతి ఎంచుకోవచ్చు.

ఒక ఉచ్చు ఉంది. ప్రీమియం ఎకానమీ అని కొన్న టికెట్‌లో ఒక్క విమానం మాత్రమే ఆ తరగతిలో ఉండి, మిగిలినవి ఎకానమీ కావచ్చు. యూరప్ లోపల తిరిగే చిన్న విమానాల్లో ఈ తరగతి ఉండదు కనుక అది సహజమే. అయితే ఆ ఎకానమీ ముక్క పద్నాలుగు గంటలదై, ప్రీమియం ముక్క నాలుగు గంటలదైతే డబ్బు నీళ్లపాలే. మొదట రాసుకున్న కాగితం మీద ప్రతి వరుస పక్కన తరగతి కూడా రాస్తే ఇది ఇట్టే బయటపడుతుంది.

ఇంతకంటే చవకైన దారులు

ఎకానమీలోనే కాళ్లకు చోటు ఎక్కువుండే సీట్లు విడిగా అమ్ముతారు. అత్యవసర ద్వారం పక్క వరుస పెద్దవాళ్లకు ఇవ్వరు. అక్కడ కూర్చునేవారు అవసరమైతే తలుపు తెరవగలగాలి, సిబ్బంది చెప్పేది అర్థం చేసుకోగలగాలి. మొదటి వరుస ఇవ్వవచ్చు, అయితే ఉయ్యాల బిగించే చోటు అదే కనుక చంటిపిల్లలు పక్కనే ఉంటారు. చేతి సంచిని కాళ్ల దగ్గర పెట్టుకోవడమూ కుదరదు.

మరో దారి, ప్రయాణాన్ని మధ్యలో ఆపడం. దుబాయ్‌లోనో, సింగపూర్‌లోనో ఒక రాత్రి మంచం మీద పడుకుని మర్నాడు బయలుదేరితే, ఏ సీటూ ఇవ్వలేని విశ్రాంతి దొరుకుతుంది. వీసా అవసరమా అన్నది ముందే చూసుకోవాలి. ఓపిక ఉన్న దంపతులకు దీన్నే నేను ముందు సూచిస్తాను.

టికెట్ కొన్నాక కొన్ని సంస్థలు పై తరగతికి వేలం పిలుస్తాయి. మీరు ఒక మొత్తం రాసి పంపుతారు, ఖాళీలుంటే ఇస్తారు. ఆ మొత్తం ఒక్కొక్కరికా, ఇద్దరికీ కలిపా, ఒక్కో విమానానికా అన్నది చదవండి. అదనపు పెట్టె దానితో వస్తుందో రాదో కూడా అడగండి, రాని సందర్భాలున్నాయి.

సీటు ఎంచుకోవడం, విమానంలో కూర్చోవడం

ఏరోలోపా వెబ్‌సైటులో విమానాల లోపలి పటాలు ఉంటాయి, కిటికీ ఎక్కడ లేదో కూడా కనిపిస్తుంది. రెండు-నాలుగు-రెండు అమరిక ఉంటే దంపతులు కిటికీ వైపున్న రెండు సీట్లు తీసుకోండి, మూడో మనిషి లేకుండా లేవవచ్చు, కూర్చోవచ్చు. బాత్రూం, వంటగది గోడకు ఆనుకున్న వరుసలు వద్దు, రాత్రంతా వెలుతురూ మాటలూ ఉంటాయి.

మంచి సీటు కొన్నాం కదా అని కదలకుండా కూర్చోకూడదు. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. అందరికీ కలిపి చూస్తే అది తక్కువే, ఆరు వేల మందిలో ఒకరికి. కానీ ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, ఇదివరకు గడ్డలు వచ్చినవారు బయలుదేరే ముందు వైద్యుణ్ని కలవాలి. రెండు గంటలకోసారి నడవలో నాలుగడుగులు వేయడం, కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించడం ఏ తరగతిలోనైనా తప్పనిసరి.

చివరగా, ప్రీమియం టికెట్ ఖరారైన కాగితాన్ని, సీటు నంబరుతో సహా ముద్రించి పెద్దవాళ్ల చేతికివ్వండి. విమానం మారిందని చెప్పి కింది తరగతిలో కూర్చోబెట్టడం అప్పుడప్పుడూ జరుగుతుంది. మన పౌర విమానయాన డైరెక్టరేట్ 2023 ఫిబ్రవరి 15 నుంచి దీనికి నియమం పెట్టింది. అంతర్జాతీయ ప్రయాణంలో దూరం 1,500 కిలోమీటర్ల లోపైతే టికెట్ ధరలో పన్నులతో కలిపి 30 శాతం, 3,500 వరకు 50 శాతం, అంతకు మించితే 75 శాతం తిరిగి ఇవ్వాలి. యూరప్ నుంచి వచ్చే విమానాలకు అక్కడి చట్టంలోనూ ఇలాంటి శాతాలే ఉన్నాయి. కౌంటరు దగ్గర వాదించే ఓపిక పెద్దవాళ్లకు ఉండదు. ఇచ్చిన సీటులో కూర్చుని వెళ్లమనండి. పాత సీటు కాగితం, కొత్త బోర్డింగ్ పాస్ రెండూ ఫోటో తీసి పంపమనండి. డబ్బు అడిగే ఉత్తరం ఇంటి దగ్గరున్న మీరు రాయండి.